బతికున్న మొగుడి భార్య

కీర్తిపూర్ గుట్ట మీది మా అల్లికల గదిలో అష్టమాయ మహర్జన్‌ను మించిన పనిమంతురాలు లేదు. మేం అల్లేది పాత పట్టుచీరల పీలికలు వడికిన నూలుతో. ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ ముడిపడుతుందో తెలియదు. దానితోనే ఆమె సంచులు అల్లుతుంది. మాలో సగంమందికి సూదులు పట్టించింది ఆమే.

కొనేవాళ్లు విదేశాల నుంచి చూడటానికి వస్తుంటారు. మేనేజరు వికేశ్ వాళ్లను నేరుగా అష్టమాయ దగ్గరికే తీసుకెళ్లి ఇంగ్లీషులో ఏదో చెప్తాడు. వాళ్ల కళ్లు చెమరుస్తాయి. తన పని అంతగా నచ్చిందనుకుని ఆమె లేచి నమస్కారం పెట్టేది.

ఆ రోజూ అలాగే జరిగింది. ఒక తెల్లావిడ అష్టమాయ భుజం నిమురుతోంది. అప్పుడే నర్సింగు చదివే మా అమ్మాయి రోజీనా నాకు అటుకులు, వేయించిన సోయా గింజలు పట్టుకుని వచ్చింది. వికేశ్ మాటలు విని గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తా, మామయ్య ఎప్పుడు పోయాడు?" అంది.

"ఏం కూతే అది!"

"నేను కాదత్తా, ఈయనే అంటున్నాడు. మామయ్య తాగి తాగి చచ్చాడట. నువ్వు పిల్లల్ని వేసుకుని అడుక్కుంటుంటే ఈయన తెచ్చి పని నేర్పాడట."

అష్టమాయ పాపిట నిండా సిందూరం. ముఖం దానికంటే ఎర్రబడింది. సూదులు కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద చేలో గోబీపూలు కోస్తున్న మొగుణ్ణి గుట్ట అదిరేలా పిలిచింది. లఖబహాదుర్ మోకాళ్ల దాకా బురదతో పరుగున వచ్చాడు.

"రోజీనా, చెప్పవే ఆమెకు. నా చచ్చిన మొగుడు వచ్చాడని చెప్పు."

"నేను చచ్చానా? మరి పొద్దున ఉప్పు ఎక్కువైందంటే గరిటె విసిరింది ఎవరి మీదే?" అన్నాడతను.

మాకు నవ్వొచ్చింది గాని ఆమె ముఖం చూసి మింగేశాం.

వికేశ్ గొంతు తగ్గించాడు. "కోప్పడకక్కా. కాస్త కన్నీళ్లు కలిపితేగానీ వాళ్లు కొనరు. ఇదంతా మీ కోసమే."

"నా సంచి బాగాలేదా?"

"బంగారంలా ఉంటుందక్కా."

"అయితే సంచి అమ్మరా! నా మొగుణ్ణి ఎందుకు చంపి అమ్ముతున్నావు? అంత అవసరమైతే నువ్వే చచ్చావని చెప్పుకో, మీ ఆవిడను ఏడిపించు!"

రోజీనా అదంతా ఆమెకు ఇంగ్లీషులో ఒక్క ముక్కా వదలకుండా చెప్పింది. తెల్లావిడ ఇక వికేశ్ వైపు చూడకుండా బయటికి నడిచింది.

మర్నాడు వికేశ్ అందరికీ నూలు పంచి అష్టమాయకు ఇవ్వలేదు. మేం మా ఉండలన్నీ తెచ్చి అతని బల్ల మీద కుమ్మరించి, వాకిట్లో ఎండకు కూర్చున్నాం. బతిమాలినా లేవలేదు. అతనికేమో పెద్ద ఆర్డరు గడువు నెత్తి మీద ఉంది. మధ్యాహ్నానికల్లా తనే నూలు మోసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తప్పయిపోయింది, క్షమించక్కా."

"నన్నడుగుతావేంటి? చచ్చినవాణ్ణి అడుగు, చేలో ఉన్నాడు."

వెళ్లాడు. గోబీ మళ్ల మధ్య చేతులు కట్టుకుని నిలబడటం పైనుంచి అందరం చూశాం. లఖబహాదుర్ నవ్వి భుజం తట్టి పంపేశాడు. అష్టమాయ మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి మా ఇంటికొచ్చి, "ఎంతమందికి లేచి దణ్ణం పెట్టానే! వాళ్లంతా నన్ను ముష్టిదాన్ననుకుని పోయారు. ఇప్పుడు వెతికి ఎవరికని చెప్పను?" అని పళ్లు కొరికింది.

ఇప్పుడు ఎవరొచ్చినా ఆమె లేవదు.