ఉగ్గుగిన్నెలో రెండు చెంచాలు

మా ఇంట్లో మొదటిసారి బ్రాందీ సీసా తెచ్చింది మా నాన్న కాదు, అన్నయ్య కాదు. నేను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. కాకినాడలో డిగ్రీ చదువుతున్నాను. రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు. యానాం మన రాష్ట్రంలోది కాదు కాబట్టి అక్కడ ఆ నిషేధం లేదు. బస్సులో గంట ప్రయాణం చేస్తే చాలు, ఎవరికి కావలసింది వాళ్ళకి దొరికేది.

సీసా అన్నయ్య కోసం కాదు, వదిన కోసం. వదినకి పురుడొచ్చి రెండో రోజు.

మా వైపు బాలింతకి కాయం, శొంఠి, వెల్లుల్లితో పాటు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల బ్రాందీ కలిపి ఇవ్వడం అలవాటు. పచ్చి ఒళ్ళు కదా, చలి పట్టకుండా, వాతం కమ్మకుండా, నడుం గట్టిపడేలా. మా అమ్మమ్మ మా అమ్మకి ఇచ్చింది. పూజలూ మడీ ఉన్న ఇళ్ళల్లో కూడా ఇచ్చేవారు. దాన్ని తాగుడని ఎవరూ అనుకోలేదు. తాగుడంటే మిల్లు వెనకాల మగవాళ్ళు చేసేది, లేదా చేలో పనిచేసేవాళ్ళు సాయంత్రం చేసేది. మాది సామర్లకోట దాటాక మూడో ఊరు, మాకొక రైస్ మిల్లు, చుట్టూ పొలం. మా కాంపౌండు గోడ లోపల ఆడవాళ్ళకి సంబంధించి ఆ మాటే లేదు.

వదినకి చిన్నప్పుడే తల్లి పోయింది. అందుకని మొదటి పురుడు పుట్టింట్లో కాకుండా మా ఇంట్లోనే పోశారు. "తల్లి లేని పిల్ల, నేను చెయ్యకపోతే ఎవరు చేస్తారే?" అనేది అమ్మ. చేసింది కూడా. అత్తగారంటే ఆరళ్ళు పెట్టేదని కథలు రాసేవాళ్ళు మా అమ్మని చూస్తే కలం పక్కన పెట్టేవాళ్ళు. వదినకి నలుగు పెట్టి, కాగు నిండా వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, నేను పుట్టినప్పుడు నాకు ఉగ్గు పట్టిన వెండి ఉగ్గుగిన్నెలోనే బ్రాందీ కలిపి నా చేతికిచ్చేది. వదిన నోటికి అందించడం నా పని.

సీసాలు తేవడమూ నా పనే. నాతో చదివే అమ్మాయిది యానాం. వాళ్ళ నాన్నగారు కొని ఉంచేవారు. "బాలింతకండి" అంటే ఆయన ప్రసాదం ఇచ్చినంత శ్రద్ధగా పేపర్లో చుట్టి ఇచ్చేవారు. దాన్ని రికార్డు పుస్తకాల మధ్య పెట్టుకునేదాన్ని. చెక్‌పోస్టు దగ్గర మగవాళ్ళ సంచులన్నీ దులిపేవారు గానీ కాలేజీ పిల్ల బ్యాగు ఎవరు చూస్తారు! నాకు అదో గొప్పగా ఉండేది. ఇంట్లో అందరికంటే నేనే వదినకి ఎక్కువ సేవ చేస్తున్నాననుకునేదాన్ని.

నలభై రోజులయ్యాయి. అమ్మ కాయం ఆపేసింది. బ్రాందీ ఆపబోతే వదిన, "ఇంకొక్క నెల ఉండనివ్వండి అత్తయ్యగారూ, అది పడితేగాని నడుం నిలబడట్లేదు" అంది. సరే, ఒక్క నెలలో ఏం పోతుంది? నెల గడిచింది. ఇంకో నెల. బ్రాందీ తాగి పాలిస్తే పాప ముద్దలా నిద్రపోయేది. చూడవచ్చినవాళ్ళు, "ఎంత బుద్ధిమంతురాలండీ మీ మనవరాలు, ఏడుపే తెలీదు" అని మెచ్చుకునేవారు. అమ్మ మురిసిపోయి దిష్టి తీసేది. ఆ పాప ఇప్పుడు పెళ్ళీడుకొచ్చింది. తన బుద్ధిమంతురాలితనం ఎక్కణ్ణించి వచ్చిందో నేను దానికి ఇంతవరకూ చెప్పలేదు.

నలభై రోజులకి సరిపోయిన సీసా పదిరోజులకి అయిపోతోంది, తరవాత వారానికి. ఊరగాయ జాడీల గదిలో గూట్లో ఉండేది అది. వదిన నోట్లో ఎప్పుడూ యాలక్కాయ ఉండేది. మధ్యాహ్నం వంటయ్యాక తలుపు దగ్గరగా వేసుకుని పడుకునేది. పిలిస్తే కాస్త ఆలస్యంగా నవ్వేది. నాకు తెలుసు. అమ్మకీ తెలుసనే ఇప్పుడు అనుకుంటాను. అన్నయ్య రాత్రుళ్ళు తనే అదే వాసనతో ఇంటికొచ్చేవాడు, ఇక భార్య దగ్గర వాసన ఏం తెలుస్తుంది? అన్నయ్య తాగుతాడని ఊరంతా మాట్లాడుకునేవారు, నాన్న తిట్టేవారు, అమ్మ ఏడ్చేది. వదిన సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఉన్నట్టవుతుంది. ఎత్తకపోతే లేదు. మా పెద్దింటి లెక్క అది.

పాపకి ఏడాది దాటాక వదిన మళ్ళీ నీళ్ళోసుకుంది. నాలుగో నెలలో అమ్మా నేనూ కారులో కాకినాడ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. అక్కడ గదికి తలుపు లేదు, తెర ఒక్కటే. మాకంటే ముందు ఒక కూలి మనిషి లోపలికి వెళ్ళింది. ఆవిడకీ కడుపే.

"ఏమైనా తాగుతావా?" డాక్టరమ్మ గొంతు బయటికి స్పష్టంగా వినపడింది.

"కల్లండి. నాట్లేసొచ్చాక నడుం పట్టేత్తాదండి."

"సిగ్గులేదూ? కడుపులో వాడికి నడుం నొప్పా? నువ్వు తాగేదల్లా వాడూ తాగుతాడు. నెలలు నిండకుండా పుడతాడు, పుట్టినా బతకడు. ఇవాళ్టితో మానెయ్. మానేశాక చేతులు వణికినా, కళ్ళు తిరిగినా, లేనివి కనపడినా ఇంట్లో కూర్చోకు. పరిగెత్తుకుని నా దగ్గరికి రా. అర్థమైందా?"

"అయిందండి."

బెంచీ మీద వదిన చెయ్యి నా చేతి పక్కనే ఉంది. నేను తనవైపు చూడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుందని గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఆ కూలి మనిషి బయటికొచ్చింది, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. తిన్నగా నడిచి వెళ్ళిపోయింది.

మా వంతు వచ్చింది. డాక్టరమ్మ అమ్మ పట్టుచీరా గాజులూ చూసి, లేచి నిలబడినంత పని చేసింది. బీపీ చూసింది, బరువు చూసింది. "బరువు తక్కువుందండీ. పాలూ పళ్ళూ బాగా పెట్టండి. మీకు చెప్పక్కర్లేదనుకోండి" అంది. తాగుతావా అని అడగలేదు. మా ఇంటి మనిషిని ఆ మాట అడగడం మర్యాద కాదు కదా. "మా కోడలికి ఏ లోటూ రానివ్వమండి" అంది అమ్మ. వదిన నావైపు చూసింది. నేను నోరు తెరిస్తే ఒక్క మాట చాలు. అమ్మ పక్కనుంది, కాంపౌండరున్నాడు, తెర బయట బెంచీ నిండా జనం. తెరవలేదు.

ఇంటికొచ్చాక పెరట్లో కరివేపాకు దూస్తుంటే వదిన నా వెనకాలే వచ్చింది.

"అమ్మాయ్, ఇంక నువ్వు తేవద్దు. గూట్లో ఉన్నది పారబొయ్యి. నేనే పొయ్యాలంటే పొయ్యలేను."

అరటిచెట్ల మొదట్లో పారబోశాను. ఆవిడ దూరంగా నిలబడి, మొహం అటు తిప్పుకుంది.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు ఏమీ తినలేదు. మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తే గ్లాసు డవరాలో టకటకా కొట్టుకుంది. ఒళ్ళంతా చెమట. "గోడ మీద చీమలు, గోడంతా చీమలు" అంటోంది. వెల్లవేసిన గోడ, ఒక్క చీమ లేదు. డాక్టరమ్మ తెర వెనక చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఆ మాటలు మాకు చెప్పలేదు, అంతే తేడా.

"అమ్మా, కాకినాడ తీసుకెళ్దాం. ఇప్పుడే వెళ్దాం" అన్నాను.

"వెళ్ళి ఏమని చెప్తావే?" అంది అమ్మ.

అమ్మ మొహం చూస్తే తను మూడు రోజులుగా ఆ ప్రశ్నే వేసుకుంటోందని తెలిసింది. ఆవిడ మళ్ళీ అంది, "వాతం కమ్మింది, అంతే. నీరసం. రెండు చెంచాలు పడితే సర్దుకుంటుంది." మిల్లు నించి అన్నయ్య సీసా తెప్పించింది. నీళ్ళు వెచ్చబెట్టింది. ఉగ్గుగిన్నె కడిగింది. "నువ్వు పట్టు. నీ చేత్తో అయితే తాగుతుంది" అని నా చేతికిచ్చింది.

వదిన పళ్ళు బిగించి, తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడం నీరసంతో కాదు, ఆవిడకి తెలిసే ఊపింది. కళ్ళతో నన్ను బతిమాలుకుంది.

"ఈ ఒక్కసారికి వదినా" అన్నాను.

తాగింది. అరగంటలో వణుకు తగ్గింది. గోడ మీద చీమలు పోయాయి. లేచి కూర్చుని పాపకి జడ వేసింది. అమ్మ దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను, ఆ మాట దాచడం ఎందుకు? తరవాత వదిన ఎప్పుడూ మానేస్తానని నాతో అనలేదు. నేనూ అడగలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి పెద్దదని నాకు తెలుసు.

ఎనిమిదో నెల నడుస్తుండగా మగపిల్లాడు పుట్టాడు. అరచేతిలో సరిపోయేంత ఉన్నాడు. ఏడుపు పిల్లిపిల్ల కూతలా ఉండేది. నాలుగు రోజులు బతికాడు. ఐదో రోజు పొద్దున, మగవాళ్ళు కాలవ గట్టు నించి తిరిగొచ్చాక, అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే కాగు కింద మంట వేసింది. బిడ్డ ఉన్నా పోయినా బాలింత బాలింతే. ఒళ్ళు పచ్చిదే. నీళ్ళు పోసింది, సాంబ్రాణి వేసింది, ఉగ్గుగిన్నెలో రెండు చెంచాలు కలిపి నా చేతికిచ్చింది.

ఈసారి వదిన తల ఊపలేదు. గిన్నె తనే తీసుకుని చివరిదాకా తాగి నాకిచ్చింది. తాకితే పాలు కట్టిన రొమ్ములు నొప్పెడుతున్నాయని రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని కూర్చుంది.

"ఆ కూలావిడ అదృష్టవంతురాలు అమ్మాయ్" అంది. "ఆవిణ్ణి తిట్టడానికి ఒకళ్ళున్నారు. నన్ను ఒక్కళ్ళూ తిట్టలేదు."

ఆ తరవాత వదిన పదేళ్ళు బతికింది. పోయినప్పుడు కామెర్లని చెప్పుకున్నాం. అదీ అబద్ధం కాదు, కళ్ళు పచ్చగానే ఉన్నాయి. అమ్మ చివరిదాకా ఆ మాటే నమ్మింది. నమ్మిందో, నమ్మినట్టు ఉండిపోయిందో నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆవిడ కూడా లేదు.

వదిన ఆ కూలావిడ మాట అన్న రోజు నేను ఉగ్గుగిన్నె కడిగి బోర్లించాను. మర్నాడు పొద్దున్నే యానాం బస్సెక్కాను. "బాలింతకండి" అంటే నా స్నేహితురాలి నాన్నగారు ఎప్పటిలాగే శ్రద్ధగా సీసా పేపర్లో చుట్టారు.

"మీ వదినకి మళ్ళీ పురుడొచ్చిందా అమ్మా? ఏం బిడ్డ?" అని అడిగారు.

"మగపిల్లాడండి" అన్నాను. సీసా రికార్డు పుస్తకాల మధ్య పెట్టుకుని బస్టాండు వైపు నడిచాను.