పూజకి కడిగిన ఫ్లూటు

దగ్గరికి జరిగి కూర్చోండి, ఈ సంగతి గట్టిగా చెప్పలేను.

చిమిండైంగ్ పేటలో మా ఇంట్లో ఆయుధపూజకి ఏ పనిముట్టూ మిగిలిపోకూడదు. కొడుకు మోటార్లు బాగుచేసే పానాలు, కోడలి కుట్టుమిషను, నా కత్తిపీట, అన్నీ శుభ్రం చేసి, పసుపు రాసి బొట్లు పెడతాను. కిందటేడు మనవరాలి ఫ్లూటు కూడా కంటపడింది. అడ్డంగా పట్టి ఊదే కర్ర ఫ్లూటు. పాతకాలపు పాశ్చాత్య సంగీతానికి అలాంటిదే కావాలని వాళ్ల సయామ, అంటే టీచరమ్మ, నమ్మి ఇంటికిచ్చింది. మూడు వందల ఏళ్ల నాటి కాన్సర్టో ఒకటి పిల్ల నాలుగు నెలలుగా సాధన చేస్తోంది. అందులో ఫ్లూటు ఒక్కటే కథ చెబుతుంది, వయొలిన్లన్నీ ఊఁ కొడతాయి. ఇంకో రెండు రోజుల్లో కచేరీ.

పిల్ల బయటికి వెళ్లింది. నేను ఆ ఫ్లూటుని ఇత్తడి చెంబు తోమినట్టే తోమి, నీళ్లలో ముంచి, ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి నోరు ఆనించే చోటు నుంచి వెంట్రుకంత చీలిక వచ్చింది. పసుపు కూడా రాయకుండా తుడిచి, దాని పెట్టెలో పెట్టేశాను.

సాయంత్రం పిల్ల ఊదితే ఉత్త గాలే వచ్చింది.

"వానలకి చెమ్మెక్కి పగిలిపోయినట్టుంది మామ్మా. పెట్టె సరిగ్గా ముయ్యలేదేటో నేను."

"ఏటోనమ్మా," అన్నాను.

సయామ పిల్లని అందరి ముందూ అజాగ్రత్త మనిషివంది. మా పిల్లతోపాటు నేర్చుకున్న ఇంకో అమ్మాయి తన ఫ్లూటు మీద ఆ కాన్సర్టో వాయించింది. నేనూ వెళ్లాను. నెమ్మదిగా సాగే నడిమి భాగం వచ్చేసరికి, నా పక్కన కూర్చున్న పిల్ల వేళ్లు ఒళ్లో కదులుతున్నాయి. తల మాత్రం ఎత్తలేదు.

తిరిగొచ్చే బస్సులో చెప్పేశాను. పిల్ల నా వైపు తిరిగింది.

"రెండు రోజులై అన్నం సయించలేదు నాకు. చూస్తా కూడా చెప్పలేదేటి?"

"బయమేసిందమ్మా."

"నన్ను తిట్టినప్పుడు నాకూ ఏసింది. సయామకి నువ్వే చెప్పాల. వడలు పట్టుకెళ్లి ఇచ్చొచ్చేత్తే సరిపోదు."

మర్నాడు ఉత్త చేతులతోనే వెళ్లి చెప్పాను. సయామ ఆ చీలిక మీద వేలు పెట్టి తడిమింది. బాగుచేసే మనిషి ఉన్నాడంది. పిల్లని అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకుంటానంది. వచ్చే కచేరీలో దానిచేతే వాయింపిస్తానంది. జరిగిపోయిన కచేరీని మాత్రం నేను ఎన్ని పూజలు చేసినా దానికి తెచ్చివ్వలేను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట పెద్దలు చేసిన తప్పు పిల్లల నెత్తిన పడకూడదు. పడితే, ఆ పూటే నోరు విప్పే ధైర్యం ఆ పెద్దలకి కలగాలి.