పప్పు ఉడికిన నీళ్ళు

పప్పు ఉడకబెట్టి చూసి జాగా కొన్నదాన్ని నేను. వింటే నవ్వుతారు, నవ్వనీ. మా అమ్మగారిది ఆత్మకూరు దగ్గర. అక్కడ కొత్తచోట కాపురం పెట్టేవాళ్ళు ముందు అక్కడి నీళ్ళలో గుప్పెడు కందిపప్పు వేసి పొయ్యి మీద పెడతారు. ఉడికితే మంచి నీళ్ళు, ఉడకకపోతే చెడ్డ నీళ్ళు. "పప్పుడకని ఊరికి పిల్లనియ్యొద్దు" అనేది మా అమ్మ. ఆ మాట మీద నాకెంత గురి అంటే, దేవుడు దిగొచ్చి కాదన్నా వినేదాన్ని కాదు.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఎనభైలలో నల్లగొండకు బదిలీ అయితే ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని వచ్చాం. పెద్దదానికి ఏడేళ్ళు. చిన్నది ఇంకా తప్పటడుగులు వేస్తోంది. ఊరి నడుమ ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఇంటి ఓనరమ్మ రోజుకు మూడు బిందెలకు మించి నీళ్ళు ముట్టనిచ్చేది కాదు. "నీ పిల్లలకు దినాం తానాలెందుకమ్మా, పెండ్లికి పోతున్నరా?" అనేది. నా నోరూ మంచిది కాదు. "నీళ్ళేమన్న నీ తాత జాగీరా?" అని ఒకరోజు అననే అన్నాను. ఆ నెల తిరగకముందే ఖాళీ చేయమంది.

ఇంకో కిరాయి ఇల్లు వద్దు, సొంత జాగా కొందామని పట్టుబట్టింది నేనే. మా ఆయన నెమ్మదస్తుడు. ఆయనకు ఒక్కటే భయం.

"డిపోల అందరు ఒక్కటే మాట అంటున్నరే. ఈ జిల్లల నీళ్ళు బొక్కలు తింటయంట. మర్రిగూడ దిక్కు పొల్లగాండ్ల కాళ్ళు వంకర్లు పోతున్నయంట. పిల్లలున్నోళ్ళం, జర సూసుకోవాలె."

"సూసుకోకుంట కొంటమా? నీళ్ళు సూసే కొందాం" అన్నాను.

చెడ్డ నీళ్ళంటే నాకు తెలిసినవి ఉప్పు నీళ్ళే. నోట్లో పోసుకుంటే మొహం చిట్లించాలి, సబ్బు నురగ రాకూడదు, పప్పు పలుకు పలుకుగా ఉండాలి. ఎముకలు తినే నీళ్ళు ఇంకా ఘోరంగా ఉంటాయని అనుకున్నాను. అవి తియ్యగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారా?

మూడు చోట్లు చూశాం. మొదటిది ఊళ్ళోనే, ఇరుకు సందు, పక్కనే మురుగు మోరీ. కానీ ఇంటి ముందు మున్సిపాలిటీ నల్లా ఉంది, దినం తప్పి దినం వస్తుంది. రెండోది రైలుపట్టాల అవతల. మూడోది ఊరు దాటి చాలా దూరం పోయాక, ఒక ముసలాయన తన కంది పండే మెట్టచెలకను ముక్కలు చేసి అమ్ముతున్నాడు. చుట్టూ తాటిచెట్లు, రాళ్ళగుట్ట, గాలి. చెలక మూలకు రాతికట్టు బాయి. ఆ బాయి చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. మూడు బిందెల కాడ మాటలు పడ్డదాన్ని, బొక్కెన వేస్తే నిండా వచ్చే నీళ్ళు చూస్తే ఎట్లుంటుంది మరి!

"మా బాయినీళ్ళల్ల పప్పుడికిచ్చి సూడు బిడ్డా, గప్పుడు మాట్లాడు" అన్నాడు ముసలాయన. ఆయన అబద్ధం చెప్పలేదు. ఈ రోజుకీ ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆయన పుట్టినప్పటినుంచి తాగినవి ఆ నీళ్ళే. మమ్మల్ని చూడాలంటే మెడ తిరగక, ఒళ్ళంతా మా వైపు తిప్పి చూసేవాడు. ఆయన భార్య నడుం వంగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని నడిచేది. చూశాను. రెండు కళ్ళతో చూశాను. ముసలితనం, వాతం అనుకున్నాను.

మూడు చోట్ల నీళ్ళూ డబ్బాల్లో తెచ్చి, కిరాయి ఇంటి వెనక మూడు మట్టి గురుగులు పొయ్యిల మీద పెట్టాను. ఒకే కొలత పప్పు, ఒకే తీరు మంట. ఓనరమ్మ తొంగి చూసి, "ఏందమ్మా, మూడిండ్లకు వండుతున్నవా?" అంది.  రైలుపట్టాల నీళ్ళలో పప్పు రాళ్ళలాగే ఉండిపోయింది. నల్లానీళ్ళలో ఉడికీ ఉడకనట్టు ఉడికింది. ముసలాయన బాయినీళ్ళలో పప్పు గరిటె పెట్టకముందే మెదిగిపోయింది. కాస్త ఉప్పేసి, వేళ్ళతో కలిపి మొదటి ముద్ద చిన్నదాని నోట్లో పెట్టాను. పిల్ల చప్పరించి ఇంకా కావాలని నోరు తెరిచింది.

మా ఆయన ఇంకా నల్లా దగ్గరే ఉన్నాడు. "సందు ఇర్కయినా మంచిదే. నల్లా నీళ్ళు నలుగురు తాగుతున్నరు గద" అన్నాడు.

"ఉడకని నీళ్ళు నలుగురు తాగితె ఉడుకుతయా? నువ్వు స్పానర్లు పట్టు, పొయ్యి సంగతి నాకిడిసిపెట్టు" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. 

బాయి ఉన్న మూల ముక్కే కొని ఇల్లు వేశాం. రెండు గదులు, పైన రేకులు. కరెంటు రావడానికి ఏడాది పట్టింది. బస్సు ఆగేది కాదు, పెద్దది బడికి నడిచే పోయేది. వానాకాలం వస్తే ఇంటి గడపదాకా పాములు. అయినా నాకు ఏ ఫికరూ లేదు. పొద్దున లేస్తే బాయి నాది. తోడుకున్నన్ని నీళ్ళు. పొట్లపాదు పెట్టాను, మిరప పెట్టాను, పిల్లలకు రోజూ తలంట్లే. "సూసినవా, నేను లేకుంటె మోరీ పక్కన ముక్కు మూసుకొని బతుకుతుంటివి" అని మా ఆయన్ను ఎన్నిసార్లు దెప్పానో.

మరుసటేడు మా పక్క ముక్క ఒక దర్జీ ఆయన కొన్నాడు. తురకోళ్ళు. భార్యాభర్తలూ ఒక చంటిపిల్లా. ఆయన రోజూ సైకిలుకు అటో డబ్బా ఇటో డబ్బా కట్టుకొని ఊళ్ళో నల్లా నుంచి నీళ్ళు తెచ్చేవాడు. ఎండలో, ఎత్తెక్కుతూ, చెమటలు కక్కుతూ. బట్టలకూ గిన్నెలకూ బాయినీళ్ళు వాడేవాళ్ళు, నోట్లో మాత్రం చుక్క పోసుకునేవాళ్ళు కాదు. నాకు ఒళ్ళు మండేది. మా బాయి అంత చేదా?

ఒకరోజు బాయి కాడ దర్జీ ఆయన భార్యను అడిగేశాను. ఆమె చెంబు కింద పెట్టి, నెమ్మదిగా చెప్పింది. "మా అమ్మీగారిది మర్రిగూడ అక్కా. గక్కడ నీళ్ళు గూడ గిట్లనే తియ్యగుంటుండె. మా తమ్ముడు మంచంల నుంచి లేవడు. తియ్యగున్నయని మురిసిపోకు. నీ చిన్నదానికన్న నల్లానీళ్ళు తాగిపియ్యి."

నేనేమనాలి? ఆలోచించాలి కదా. ఆలోచించలేదు. నన్ను తప్పుపట్టినట్టు, నా వంటను, మా అమ్మను తప్పుపట్టినట్టు అనిపించింది. "మంది మాట పట్టుకొని మారుమనువు పోతె మళ్ళొచ్చేసరికి ఇల్లు గుల్లయిందంట. నా పిల్లల సంగతి నాకెరుకే గని, నీ సంగతి నువ్వు సూస్కో" అన్నాను. ఆమె చెంబు తీసుకొని వెళ్ళిపోయింది. తరువాత ఐదారేళ్ళు మాకు మాటల్లేవు.

చిన్నదానికి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. వస్తూనే గారపట్టి, మధ్యలో గోధుమరంగు చారలు. పళ్ళు తోముకోవడం లేదని వీపు మీద రెండు వేశాను. బొగ్గుతో, ఉప్పుతో చిగుళ్ళు చిట్లేదాకా నేనే రుద్దాను. చార పోలేదు. పెద్దదాని పళ్ళు తెల్లగానే ఉన్నాయి. అది ఏడేళ్ళదాకా మా ఊళ్ళో పెరిగింది.

తరువాత కాళ్ళు. నడుస్తుంటే మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగిలేవి, పాదాలు బయటికి పోయేవి. "సక్కగ నడువ్" అని అరిచేదాన్ని. బడిలో పిల్లలను చూసి వంకర నడక నేర్చుకుందని అనుకున్నాను. ఒకసారి వాకిట్లో గీత గీసి, దాని మీద తిన్నగా నడవమని బెత్తం పట్టుకొని నిలబడ్డాను. నాలుగడుగులు వేసి పడింది. లేచి మళ్ళీ నడిచింది. ఏడవలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల, తల్లి మెప్పు కోసం ఆ గీత మీద ఎన్నిసార్లు పడి లేచిందో.

నూనెలతో మర్దన చేశాం. కట్లు కట్టే ఒకాయన వెదురుబద్దలు పెట్టి బిగించాడు, మూడు వారాలకు పుండ్లు పడ్డాయి. చివరికి మా ఆయన సెలవు పెట్టి హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాడు. డాక్టరు పిల్ల కాళ్ళు చూడకముందే నోరు తెరవమన్నాడు. పళ్ళు చూసి, ఏ నీళ్ళు తాగుతారని అడిగాడు. నేను గొప్పగానే చెప్పాను, పప్పు పెడితే వెన్నలా ఉడుకుతుందని.

"ఉడుకుతదమ్మా. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు ఎన్నోచోట్ల అట్లనే ఉంటయి. తియ్యగుంటయి, పప్పు మంచిగుడుకుతది. నాలుకతోని తెలిసేది కాదది" అన్నాడాయన. నన్ను తిట్టినా బాగుండేది. ముందు నీళ్ళు మార్చండి, ఆ తరువాత ఎముక కోసి సరిచేసే ఆపరేషను చూద్దాం అన్నాడు. ఎంత తొందరగా చేస్తే అంత మంచిదన్నాడు.

ఇంటికొచ్చి నేరుగా దర్జీ ఆయన ఇంటికి పోయాను. ఖాళీ బిందె పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాను. ఆమె నా చేతిలో బిందె తీసుకొని, తన డబ్బాలోని నల్లానీళ్ళు నింపి ఇచ్చింది. "నేను ఇంక గట్టిగ జెప్పాల్సుండె అక్కా" అని ఆమే ఏడ్చింది. చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ఊళ్ళోకి మారాలన్నా, ఆపరేషను చేయించాలన్నా మా దగ్గరున్నది ఆ ఇల్లొక్కటే. అమ్మకానికి పెట్టాం. అప్పటికి ఆ చుట్టుపక్కల వాళ్ళకు నీళ్ళ సంగతి కొద్దికొద్దిగా తెలిసింది, ఎవరూ రాలేదు. ఐదు నెలల తరువాత, వేరే జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చిన ఒక జంట వచ్చింది. చంకలో ఏడాదిన్నర పాప.

వాళ్ళు వస్తున్నారని తెలియగానే చిన్నదాన్ని లోపలి గదిలోకి పంపాను. "వాళ్ళు పోయేదాంక బయటికి రాకు" అన్నాను. ఎందుకని అడగలేదు. తన కాళ్ళకేసి ఒకసారి చూసుకొని, లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆ పిల్లతల్లి ఇల్లు అంతగా చూడలేదు. బాయి చూసింది. బొక్కెనలో నుంచి దోసెడు నీళ్ళు తాగి, "ఎంత బాగున్నయక్కా!" అంది. తడి చేతితో పాప పెదాలు తడిపింది. "పిల్లలకు పడతయా?" అని అడిగింది.

మా ఆయన తల దించుకున్నాడు. గోడ అవతల దర్జీ ఆయన భార్య బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది. నా ఇల్లు అమ్ముడుపోతేనే నా బిడ్డ కాళ్ళకు కత్తి పడుతుందని ఆమెకూ తెలుసు. నేను చెప్పగలను. ఒక్క మాట. ఆ మాట చెబితే వీళ్ళు పోతారు, ఇంకొకరు ఎప్పుడొస్తారో తెలియదు, లోపల తలుపు వెనక ఉన్న పిల్ల ఎముకలు ముదిరిపోతాయి.

"పడతయి" అన్నాను.

ఆ వారంలోనే కాగితాల మీద సంతకాలయ్యాయి. సామానంతా ట్రాలీలో ఎక్కించి, పరుపుల మూట మీద చిన్నదాన్ని కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. బండి కంకరరోడ్డు ఎక్కింది. చిన్నది నా కొంగు పట్టుకొని లాగింది.

"అమ్మా, గా చిన్నపాపకు నీళ్ళ సంగతి జెప్పినవా?"

"జెప్పిన" అన్నాను.

"మంచిగయింది" అంది, నా ఒళ్ళో తల పెట్టుకొని పడుకుంది.