హాడ్లీల మధ్య మా పిల్ల

మా ఆవిడ అవిస్ బస్సులో గట్టిగా మాట్లాడే మనిషి. ఒకసారి డడ్లీ నుంచి వస్తుంటే, "ఇవాళ ఇద్దరు పెద్దనాన్నల్ని చంపాను గానీ, ఆ మేనత్త ఉంది చూశావూ, ఎంతకీ చావట్లేదు" అంది. ముందు సీట్లో కూర్చున్నావిడ వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, తర్వాతి స్టాపులో దిగిపోయింది. అది ఆవిడ స్టాపు కాదని మాకు తెలుసు. చాలా రోజులు ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ బస్సెక్కితే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను.

చంపడం అనేది ఆ పనిలో మాట. స్కూలు వంటగదిలో ఉద్యోగం మానేశాక అవిస్ పూర్వీకులను వెతకడం నేర్చుకోవడానికి ఒక సాయంత్రపు తరగతిలో చేరింది. అక్కడ మొదట నేర్పేది ఇదే. పాత పుస్తకంలో పేరు కలిసింది కదా అని వాడే మన తాత అనుకోకూడదు. వాడు పాలు మరవకముందే పోయి ఉండొచ్చు. మా వాళ్ళలో పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టడం మామూలు. అందుకని ఎక్కడైనా ఒక పుట్టుక దొరికితే దాని చావు కూడా వెతికి పట్టుకోవాలి. పట్టుకుంటే వాణ్ణి చంపినట్టు. చంపేదాకా వాడు తేలని మనిషే.

అవిస్ వాళ్ళూ మావాళ్ళూ ఒకటే బాపతు. మగవాళ్ళు గనుల్లోకి, కొలుముల్లోకి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు పెరట్లో సొంత కొలిమి పెట్టుకుని, చంటిపిల్లను పక్కన బుట్టలో పడుకోబెట్టి, గొలుసు లింకులు కొట్టేవాళ్ళు. ఇలాంటి ఇళ్ళలో వీలునామాలుండవు, ఫొటోలుండవు. "మనం కాగితం మీదికి ఎక్కేది మూడుసార్లే. పుట్టినప్పుడు, పెళ్ళికి, చావుకి. నాలుగోసారి ఎక్కామంటే జైలుకే" అనేది అవిస్. బాగా పాతవైతే చర్చి పుస్తకాల్లో, తర్వాతవైతే సర్కారు పుస్తకాల్లో ఉంటాయి. సర్కారు పుస్తకాల కోసం లండన్ పోవాలి. అక్కడ పుట్టుకలకు ఎర్ర అట్ట, పెళ్ళిళ్ళకు ఆకుపచ్చ, చావులకు నల్ల అట్ట. ఒక్కోటీ బలమైన మనిషి కూడా రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. రోజంతా వాటిని దించి ఎక్కించి, తెల్లవారుజామున తీసుకెళ్ళిన బస్సులోనే తిరిగి వచ్చి, "పిల్లల బంగాళాదుంపల గిన్నెలే నయం" అంటూ మణికట్లు పిసుక్కునేది.

ఈ వెతుకులాటంతా ఎవరికోసమంటే వాళ్ళమ్మ కోసం. మా అత్తయ్య థర్జాకు అప్పటికి తొంభై. వృద్ధుల ఆశ్రమంలో కిటికీ పక్క కుర్చీ ఆవిడది. చూపు సన్నగిల్లింది గానీ నోరు తగ్గలేదు. మా వైపు అక్కనైనా చెల్లెలినైనా పేరుతో చెప్పరు, "మా పిల్ల" అంటారు. కూతురూ మా పిల్లే, పెళ్ళామూ మా పిల్లే. అత్తయ్య "మా పిల్ల" అన్నదంటే మాత్రం అది వాళ్ళక్క కెటూరా.

అత్తయ్యకు నాలుగేళ్ళప్పుడు వీధిలో పిల్లలకు గొంతు జబ్బు తగిలింది. ఆవిణ్ణి స్మెథిక్‌లో మేనత్త దగ్గరికి పంపేశారు. తిరిగి వచ్చేసరికి కెటూరా ఇంట్లో లేదు. అమ్మను అడిగితే "పెద్దమ్మ దగ్గరికి పోయిందే, వస్తుందిలే" అని కొలిమి వైపు తిరిగింది. ఆ అమ్మ ఫీబీ ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. పెద్దమ్మ అనే మనిషి ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అత్తయ్య పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది, మొగుణ్ణి మట్టిలో పెట్టింది. అక్క పోయిందని ఆవిడకు ఎవరూ చెప్పనేలేదు. "పోయిందనే నేనూ అనుకుంటాను. కానీ ఎక్కడుందో చెప్పండి. నన్నూ అక్కడే పెట్టండి. అంతకంటే నాకేం వద్దు" అనేది.

అత్తయ్య పుట్టింటి పేరు ఆడ్లీ. అవిస్ ఎర్ర అట్టలో కెటూరా ఆడ్లీని మొదటి రోజే పట్టుకుంది. ఆ పేరు ఎవరూ పెట్టుకోరు కాబట్టి కష్టం లేదు. నల్ల అట్టలు మాత్రం ఏ ఏడాదివి తిప్పినా ఆడ్లీలలో కెటూరా లేదు. చర్చి సమాధుల పుస్తకంలో లేదు. ఆకుపచ్చ అట్టల్లో కూడా లేదు. లండన్‌కు ఎన్నిసార్లు పోయి వచ్చిందో. చివరికి ఒక ఆదివారం అత్తయ్య దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది: "అమ్మా, మీ అక్క పోయినట్టు ఎక్కడా లేదు."

అత్తయ్య కుర్చీలో ముందుకు జరిగింది. "అయితే పోలేదేమోనే" అంది.

తొంభై నాలుగేళ్ళ మనిషి ఎక్కడో బతికి ఉండటం జరగనిదేం కాదు. పక్క గదిలో ఇంకా పెద్దావిడే ఉంది. ఎవరైనా పెంచుకుని ఉండొచ్చు, పేరు మారి ఉండొచ్చు, కెనడా తీసుకుపోయి ఉండొచ్చు. అవిస్ కూడా నమ్మింది. నమ్మడానికి కాగితం ఉందిగా మరి, లేని కాగితం. ఆ వారం నుంచి అత్తయ్య ఏం పెట్టినా సగమే తినడం మొదలుపెట్టింది. బ్రెడ్ పుడ్డింగు ముక్క ఇస్తే మధ్యకు విరిచి, సగం కాగితం రుమాల్లో చుట్టి అవిస్ చేతిలో పెట్టేది. "ఇది మా పిల్లకి. దొరికితే ఇయ్యి. దానికి ఎండు ద్రాక్ష ఎక్కువుండాలి, లేకపోతే అలుగుతుంది" అనేది.

మాకు 'హ' పలకదు. నా ఇంటిపేరు హోబ్డే. మా వీధిలో దాన్ని ఓబ్డే అని తప్ప ఇంకోలా అన్నవాణ్ణి నేను చూడలేదు. బయట ఊళ్ళవాళ్ళు ఇది కనిపెట్టేస్తారు. కనిపెట్టాక ఊరుకోరు, మనం మింగేశామనుకున్న 'హ'ను వాళ్ళే తెచ్చి అతికిస్తారు, ఉండని చోట కూడా.

అత్తయ్య మెట్టినింటి పేరు ఎడ్జ్. ఆ ఆకురాలు కాలంలో ఆశ్రమంలోకి ఎక్కడో దక్షిణం నుంచి ఒక కొత్త పిల్ల పనికి వచ్చింది. మంచిది, ముసలాళ్ళ జుట్టు శ్రద్ధగా దువ్వేది. వచ్చిన వారమే గది తలుపులన్నిటికీ అందంగా పేర్లు రాసి అంటించింది. మేం వెళ్ళేసరికి అత్తయ్య తలుపు మీద "మిసెస్ టి. హెడ్జ్" అని ఉంది. హెడ్జ్ అంటే తోట చుట్టూ పెంచే మొక్కల కంచె.

"చూశావా, మా అమ్మను కంచెను చేసింది. ఇక కత్తిరించుకోవాలి" అని అవిస్ గోడ పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. ఆ అట్టముక్క వైపే చూస్తూ నిలబడింది. ఏమైందని అడిగితే, "క్లెమ్, నేను ఆడ్లీలనే చూశాను" అంది.

ఆ మాటకు అర్థం నాకు ఇంటికొచ్చేదాకా తట్టలేదు. ఆ వారమే ఆవిడ మళ్ళీ లండన్ పోయి ఈసారి హాడ్లీల నల్ల అట్ట తీసింది. హాడ్లీలు మా వైపు గడ్డిపోచల్లా ఉంటారు. వాళ్ళ మధ్యలో కెటూరా హాడ్లీ, వయసు ఎనిమిది, మా ఊరి పక్క ఆఫీసులోనే నమోదు. చావు నమోదు కాగితం నకలు పోస్టులో వచ్చింది. గొంతు జబ్బు. చావు చెప్పడానికి వెళ్ళింది తల్లే. "ఆడ్లీ" అనే ఉంటుంది, తన నోటితో. బల్ల అవతల కూర్చున్న కొత్త ఉద్యోగి, పాపం ఈవిడా 'హ' మింగేసిందనుకుని, దాన్ని తెచ్చి పెట్టాడు. పుట్టుక రాసిన పాత ఉద్యోగి ఊరివాడు, వాళ్ళను ఎరిగినవాడు కాబట్టి అప్పుడు సరిగ్గా పడింది. ఫీబీకి చదువు రాదు. రాసింది చూపిస్తే ఆ పేరు కింద సంతకం బదులు ఇంటూ మార్కు పెట్టి, ఇంటికి వచ్చి, కొలిమి ఊదుకుంది.

అవిస్ ఆ ఇంటూ మార్కు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. "తన బిడ్డను వేరేవాళ్ళకు రాసిచ్చేసినట్టయింది. ఆ సంగతి తనకు తెలియను కూడా తెలియదు" అంది.

శ్మశానం ఆఫీసులో హాడ్లీ అని అడిగితే వెంటనే చెప్పారు. కొండవాలులో, ఇనుప కంచె దగ్గర, పేదల మూల. ఒకే గోతిలో ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు. రాయి లేదు, గడ్డే. అవిస్ చేతి తొడుగులు తీసేసి గడ్డి మీద అరచెయ్యి పెట్టింది, పొయ్యి ఆరిందో లేదో చూసినట్టు. అక్కడ నుంచి చూస్తే అత్తయ్య ఉండే ఆశ్రమం కప్పు కనిపిస్తుంది.

"ఆదివారం చెప్పేస్తాను" అంది.

ఆదివారం వెళ్ళాం. అత్తయ్య మమ్మల్ని చూడగానే, "మా పిల్ల దొరికిందా?" అంది, ఎప్పుడూ అడిగేదే. అవిస్ నోరు తెరిచింది. ఆలోపు అత్తయ్య రుమాలు పొట్లం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, ఈసారి ద్రాక్షలన్నీ ఏరి దానివైపే పెట్టానని చెప్పింది. అవిస్ "సరేనమ్మా" అంది. బస్సు స్టాపులో వాన పడుతుంటే ఆ పొట్లం విప్పి, నిలబడే మొత్తం తినేసింది. నేను గొడుగు పట్టుకుని రోడ్డు వైపు చూశాను.

"కాగితం మీద ఊరందర్నీ చంపినదాన్ని. మా అమ్మ ముందు ఒక్కదాన్ని చంపలేకపోతున్నాను" అంది బస్సెక్కాక. మెల్లగానే అంది. ముందు సీట్లో ఎవరూ తిరిగి చూడలేదు.

చలికాలమంతా అంతే. ప్రతి ఆదివారం చెప్తాననే బయల్దేరేది. పొట్లంతో తిరిగొచ్చేది. మార్చిలో ఒక ఉదయం, పంది మాంసంతో వండటానికి నానబెట్టిన బఠాణీలు కడుగుతూ, కుళాయి కట్టకుండానే పడిపోయింది. నేను పెరట్లో ఉన్నాను. నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగకపోతే, ఈ పిల్లకు నీళ్ళంటే లెక్కలేదని విసుక్కుంటూ లోపలికి వచ్చాను.

అవిస్ చావు నమోదు చేయించడానికి నేనే వెళ్ళాల్సి వచ్చింది. బల్ల అవతల ఒక చిన్నపిల్ల, మర్యాదగా ఉంది. నా నోటికి ఆ పూట 'హ' ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు, ప్రతి అక్షరం విడివిడిగా చెప్పాను. రాశాక కాగితం నా వైపు తిప్పించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివాను. మళ్ళీ చదివాను. తర్వాత సంతకం పెట్టాను. నాకు సంతకం వచ్చు.

అక్కడ నుంచి అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. అప్పటిదాకా ఆవిడకు ఎవరూ చెప్పలేదు, అల్లుడు వచ్చి చెప్తాడని ఆశ్రమం వాళ్ళు ఆగారు. తలుపు మీద ఇప్పుడు "ఎడ్జ్" అనే ఉంది. ఆ దక్షిణపు పిల్ల రెండు చేతులూ ముందుకు కట్టుకుని నడవాలో నిలబడి ఉంది.

అత్తయ్య అడుగుల చప్పుడు విని, "మా పిల్ల దొరికిందా?" అంది.

నేను వెళ్ళింది అవిస్ సంగతి చెప్పడానికి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "దొరికింది అత్తయ్యా."

ఆవిడ కుర్చీ చేతుల మీద వేళ్ళు బిగించింది. నేను ముందు కూర్చుని చెప్పాను. గొంతు జబ్బని, అప్పుడే పోయిందని, ఇంట్లోనే, వాళ్ళమ్మ దగ్గరే పోయిందని. ఆఫీసులో 'హ' అతికించారని, అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదని. కొండవాలులో ఉందని, ఇక్కడికి కూతవేటు దూరమని.

"హాడ్లీల్లోనా?" అంది అత్తయ్య. "ఆ పెద్ద కోళ్ళదొడ్డి హాడ్లీల్లోనా? మా అమ్మ వాళ్ళతో మాటే మాట్లాడేది కాదు." నవ్వబోయింది. నవ్వు సగంలో ఎటో పోయింది. చేత్తో నోరు తుడుచుకుని, "అయితే పెద్దమ్మ లేదన్నమాట" అంది, నాలుగేళ్ళ పిల్ల గొంతుతో.

నేను ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను. కిటికీ అవతల ఎవరో చెత్తడబ్బా ఈడ్చుకుపోతున్నారు. ఆవిడ చూపు సరిగా ఆనని కళ్ళు నా వైపు తిరిగాయి.

"ఇంత వెతికింది అది. దొరికిందని చెప్పే మాట నీకెందుకిస్తుంది?" అంది. "ప్రాణం పోయినా ఇయ్యదు."

ఆవిడ కుర్చీలో ముందుకు వంగింది.

"క్లెమ్. మా పిల్ల ఏదీ?"

మా పిల్ల అనే ఆ ఒక్క మాటలో ఎంతమంది ఉన్నారో అప్పుడే నాకు తెలిసింది. అవిస్ పోయిందని చెప్పాను. ఎలా పోయిందో చెప్పాను. కుళాయి సంగతి చెప్పలేదు. ఆవిడ ఏడవలేదు. నా చెయ్యి వెతికి పట్టుకుంది. లింకులు కొట్టిన ఆడవాళ్ళ చేతులు తొంభైలో కూడా ఎంత గట్టివో, వేళ్ళు నొప్పెట్టాయి.

"ఆఫీసుకి పోయొచ్చావా?"

"అక్కడ నుంచే వస్తున్నాను."

"మీ పేరుకి ఆ అక్షరం ఉండాలి కదా. ఉందా?"

"ఉంది అత్తయ్యా."

"నువ్వు చదివావా? వాళ్ళు చెబితే ఊరుకున్నావా?"

"నేనే చదివాను. రెండుసార్లు."

తల ఊపింది. చెయ్యి వదల్లేదు. పక్క బల్ల మీద పొద్దున ఇచ్చిన పుడ్డింగు సగం రుమాల్లో చుట్టి ఉంది. దాన్ని ఎవరికిమ్మని ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.