ఈశాన్యానికి తిప్పిన నీళ్లు

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బు ఉంది. ఏదైనా ఎందుకలా జరిగిందో తెలిసేదాకా తిన్నది ఒంటికి పట్టదు. సైన్సు టీచరునయ్యాక అది జబ్బు కాదు, ఉద్యోగం అని చెప్పుకునే వీలు దొరికింది. బడి ఎల్లారెడ్డిలో, కాపురం కామారెడ్డిలో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. దారిలో కిటికీ సీటు దొరికితే చెరువులు ఎంత నిండాయో చూసుకుంటూ పోయేదాన్ని.

2009లో ప్లాటు కొన్నాం. అప్పటికి కామారెడ్డి నాలుగు దిక్కులా పెరుగుతోంది. మేం కొన్నచోట అంతకు రెండేళ్ల ముందు దాకా వరి పండేదట. హద్దురాళ్లు పాతాక కూడా అక్కడక్కడా పాత కొయ్యకాళ్లు కాలికి గుచ్చుకునేవి. ప్లాట్ల వెనక, దక్షిణం వైపు ఒక వొర్రె ఉంది. వొర్రె అంటే వానాకాలంలో మాత్రం పారే చిన్న వాగు. నేల మొత్తం నైరుతిగా దానివైపే వాలి ఉండేది.

ఇల్లు మొదలుపెట్టే ముందు మా అత్తమ్మ వాస్తు చూసే ఒక పెద్దమనిషిని పిలిపించింది. ఆయన నాలుగు మూలలూ తిరిగి, పెదవి విరిచి, మా ప్లాటు పూర్తిగా తలకిందులుగా ఉందని తేల్చాడు. నైరుతి ఎత్తుగా ఉండాలి, ఈశాన్యం పల్లంగా ఉండాలి. ఇంటి మీదా వాకిట్లోనూ పడిన ప్రతి చుక్కా ఈశాన్యం మూల నుంచే బయటికి పోవాలి. మా నేలేమో సరిగ్గా దానికి ఎదురు వాలు. ఇంకేముంది, టిప్పర్ల కొద్దీ ఎర్ర మొరం మట్టి దిగింది. నైరుతి మూలలో నా ఛాతీ ఎత్తు దాకా నింపి, అక్కడి నుంచి ఈశాన్యానికి వాలు పెట్టారు. వెనక వొర్రె వైపు సందు లేకుండా గోడ లేచింది. నీరు పల్లమెరుగు అంటారు. మా గల్లీలో ఏది పల్లమో నీళ్లకు మేమే చెప్పాం. నాకు లోపల నవ్వొచ్చింది గానీ నోరు మెదపలేదు. ఇల్లు కట్టి చూడు అని ఊరికే అనలేదు. కట్టేవాళ్లకు ఎవరితోనూ తగువు పెట్టుకునే ఓపిక మిగలదు.

మా ఈశాన్యం మూలకు ఆనుకుని, తూర్పున ఒక చిన్న పెంకుటిల్లు ఉండేది. మట్టి గోడలు, ఒకటే గది, ముందు వసారా. అందులో ఒక అవ్వ ఒక్కతే ఉండేది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చేసేది. ఆమె భర్త నీరటి, అంటే చెరువు తూము తీసి, మూసి, పొలాలకు నీళ్లు పంచిన మనిషి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, ఎల్లారెడ్డిలో ఉండేది. నేను రోజూ అక్కడికే పోతానని తెలిసి, నెలకోసారి కూతురికి ఏదో ఒకటి నా చేతికిచ్చి పంపేది. పచ్చడో, మక్కజొన్న కంకులో.

2010 వానల్లో ఒకరోజు సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి అవ్వ గిన్నెతో ఇంట్లోంచి నీళ్లు తోడి పోస్తోంది. తంబాకు తడిసి ముద్దయింది. చేసిన బీడీ కట్టలు మంచం మీద ఆరబోసి ఉన్నాయి.

"అయ్యో అవ్వా, ఎట్లొచ్చినయి నీళ్లు?" అన్నాను.

"వానాకాలం గదా బిడ్డా, వస్తయి, వోతయి," అంది, నా వైపు చూడకుండానే.

గల్లీలో ఎవరిని అడిగినా ఒకటే మాట. ముసలామె గుంతలో కట్టుకుంది, గుంతలోకి నీళ్లు రాక ఏమవుతాయి? నేనూ సరే అనుకున్నాను. కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఒక ప్రశ్న మొదలైంది. జీవితమంతా నీళ్లతో బతికిన నీరటి, తన ఇల్లు పోయిపోయి గుంతలో ఎందుకు కట్టుకుంటాడు?

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి తీరిక 2011లో దొరికింది. తెలంగాణ కోసం సమ్మె. బస్సులు బందు, బడులు బందు. పొద్దున టెంటు కింద కూర్చుని వచ్చేదాన్ని, తర్వాత రోజంతా ఖాళీ. మధ్యమధ్యలో వానలు. గొడుగు పట్టుకుని గల్లీలో నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ తిరిగేదాన్ని. కాగితం ముక్కలు వేసి వాటి వెంట నడిచేదాన్ని. పక్కింటావిడ మా ఆయన్ని ఆపి, "టీచరమ్మకు పానం మంచిగనే ఉన్నదా అన్నా?" అని అడిగిందట.

మా వరుసలో ఎనిమిది ఇళ్లు. ఎనిమిదింటి నీళ్లూ ఈశాన్యం నుంచే గల్లీలోకి వస్తున్నాయి. గల్లీ నుంచి తూర్పుకు, అవ్వ గడప ముందుకు. వెనక నాలుగడుగుల దూరంలో వొర్రె ఉంది. అందులోకి ఒక్క ఇంటి నీళ్లూ పోవడం లేదు.

ఇంకో సంగతి అవ్వే చెప్పింది. వసారాలో కూర్చుని ఆకు కత్తిరిస్తూ, "నా ఇంటి మట్టి నల్లది బిడ్డా. లోపటికొచ్చే నీళ్లు మాత్రం ఎర్రగొస్తున్నయి," అంది. ఎవరినీ నిందిస్తున్నట్టు కాదు, వింత చెబుతున్నట్టు. గల్లీలో ఎర్ర మొరం పోయించింది మేమొక్కళ్లమే. మిగతావాళ్లది తెల్ల మొరం.

మా ఇల్లు కట్టిన మేస్త్రీ కూడా సమ్మె రోజుల్లో పని లేక కూర్చున్నాడు. లెవల్ చూసే పైపు పట్టుకుని రమ్మన్నాను. సన్నని ప్లాస్టిక్ పైపు, నిండా నీళ్లు. రెండు కొసల దగ్గరా నీళ్లు ఎప్పుడూ ఒకే ఎత్తులో నిలుస్తాయి. పిల్లలకు ఏటా చెప్పే పాఠమే, చేత్తో పట్టుకుని చూడటం మాత్రం అదే మొదటిసారి. మా వరుస చివర ఒక ప్లాటు ఇంకా ఖాళీగా ఉంది. మొరం పడని పాత పొలం నేల అక్కడ ఒక్కచోటే మిగిలింది. ఒక కొస నేను అవ్వ గడప దగ్గర పట్టుకున్నాను. రెండో కొస అతను ఆ ఖాళీ ప్లాటులో పట్టుకున్నాడు.

మేస్త్రీ రెండుసార్లు చూశాడు. తర్వాత పైపు భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"గీమె గుంతల కట్టుకోలేదు టీచరమ్మా. గడ్డ మీదనే కట్టుకున్నది. పాత నేల మీదికెల్లి రెండు మూరల ఎత్తున్నది గీ గడప. మనమే చుట్టూ నింపి గుంత చేసినం."

అవ్వ కత్తెర ఆపి వింటోంది. "మరి? ఒక వానాకాలమంత తిరిగి సూసిండు మా ఆయన," అంది. "యాడ నీళ్లు నిలుస్తలేవో గాడ రాయి వెట్టిండు. తెల్లారి కాదు, మళ్లొచ్చే ఏడు కట్టిండు ఇల్లు. గప్పుడు నేను తిట్టిన, ఇల్లు కట్టుమంటె వాన సూస్తవేందని."

నిజం చెప్పాలంటే నాకు ముందు కలిగింది సంతోషం. లెక్క తేలిన సంతోషం. నీరటి తెలివి మీద నా అనుమానం తీరింది. ఆ తర్వాత లేచి మా గోడ వారగా నడిచి చూశాను. మా ఈశాన్యం తూము సరిగ్గా అవ్వ పడమటి గోడ మొదట్లో పడుతోంది. మట్టి గోడ నడుము దాకా తడిసి, వేలు పెడితే దిగిపోతోంది. గల్లీ నీళ్లు ఆమె గడప దాటి లోపలికి వస్తాయి, పోతాయి. గోడను తినేవి మాత్రం మావే.

"ఈ గోడ ఇంకెన్నేళ్లుంటది?" అన్నాను.

మేస్త్రీ గొంతు తగ్గించాడు. "ఒకటి, రెండు వానాకాలాలు. మీ వెనక గోడల, నైరుతి మూలకు ఒక బొక్క కొట్టి, మొరంల చిన్న కాలువ తీసి నీళ్లు అటు తిప్పితె అయిపాయె. వొర్రెల వడ్తయి. అర్ధగంట పని."

ఇంట్లో ఆ మాట ఎత్తగానే అత్తమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. నైరుతికి తూము పెడితే ఇంటి యజమాని మీదికి వస్తుంది. అది ఆమెకు సూర్యుడు తూర్పున పొడవడం లాంటి సంగతి. నేను లెవల్ పైపు గురించి చెప్పాను, నేల వాలు గురించి చెప్పాను, ఎర్ర నీళ్ల గురించి చెప్పాను. ఆమె అన్నీ ఓపిగ్గా విని, ఒక్కటే అడిగింది.

"నీ పరీక్షలు నా కొడుకు మీద చేస్తవా?"

మా ఆయన పేపరు వెనక నుంచి బయటికి రాలేదు. నేను వాస్తును నమ్మను. కానీ అతను స్కూటరు మీద బయటికి పోయి ఆలస్యంగా వస్తే గుండె దడదడలాడే మనిషిని. తూము పెట్టాక అతనికి చిన్న జ్వరం వచ్చినా అది నా వల్లే అని ఇల్లంతా అనుకుంటుంది. ఇల్లు సంగతి సరే, నేనే అనుకుంటాను. అదే నన్ను ఆపింది. తరగతిలో మూఢనమ్మకాల మీద బల్ల గుద్ది పాఠం చెప్పే దాన్ని, ఇంటికి వచ్చి ఒక ఇటుక కదపలేకపోయాను.

గల్లీవాళ్లతో మాట్లాడాను. అందరూ నా లెక్క మెచ్చుకున్నారు. "ముందుగాల మీరు కొట్టుండ్రి టీచరమ్మా, ఎన్క మేం సూస్తం," అన్నారు. అక్కడితో నా ఉద్యమం ముగిసింది. మధ్యేమార్గంగా అవ్వ గోడ మొదట్లో నాలుగు సిమెంటు బస్తాల ఇసుక వేయించాను. ఒక వానకు అది కొట్టుకుపోయింది. మళ్లీ వేయించాను. 2012 అలా గడిచింది. అవ్వ మాత్రం నన్ను ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే చేసేదాన్నేమో అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం.

2013లో ముసురు పట్టింది. మూడు రోజులు వదలలేదు. మూడో రోజు సాయంత్రం ఎల్లారెడ్డి నుంచి వచ్చేసరికి గల్లీలో జనం. అవ్వ ఇంటి పడమటి గోడ లేదు. పెంకులు సగం జారి మంచం మీద పడ్డాయి. అవ్వ బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయి ఉంది కాబట్టి బతికింది. తిరిగి వచ్చి, మా అరుగు మీద తడి చీరతో కూర్చుంది. చేతిలో ఖాళీ చాట. అత్తమ్మ ఆమెకు చాయ్ ఇచ్చి, పక్కనే చాలాసేపు నిలబడింది.

రెండు రోజులకు కూతురు వచ్చి అవ్వను ఎల్లారెడ్డికి తీసుకుపోయింది. బస్సెక్కించి ఇంటికి వచ్చానో లేదో, అత్తమ్మ గడ్డపార తెచ్చి నా ముందు పడేసింది.

"పిలువు మేస్త్రీని. ఆ ముసలిది ఇంట్ల ఉంటె ఏమవుతుండె? గా పాపం నా కొడుక్కు తాకకపోతుండెనా?"

మేస్త్రీ వచ్చాడు. నైరుతి మూలలో రెండు ఇటుకల వెడల్పు బొక్క కొట్టాడు, వాకిట్లో మొరంలో చిన్న కాలువ చెక్కి నీళ్లు అటు తిప్పాడు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. అర్ధగంట కూడా పట్టలేదు. మర్నాటి వానకు మా నీళ్లు గలగలమంటూ వొర్రెలోకి దూకాయి, ఇన్నాళ్లూ దాని కోసమే ఎదురుచూసినట్టు. రెండేళ్లు, అర్ధగంట పని.

ఆ తర్వాత ఆరు ఇళ్లవాళ్లు కూడా వెనక గోడలకు బొక్కలు కొట్టారు. మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు. అవ్వ స్థలం కూతురు అమ్మేసింది.

ఎల్లారెడ్డిలో అవ్వ ఉండే ఇల్లు మా బడికి రెండు వీధుల అవతల. అయినా నేను చుట్టు తిరిగి పోయేదాన్ని. 2014 ఎండాకాలం, బడి చివరి రోజున ఇక తప్పదనుకుని పోయాను. అవ్వ వసారాలో బీడీలు చేస్తోంది. బాగా చిక్కిపోయింది. పక్కన కూర్చుని, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. తప్పు నాదని చెప్పాను. ఎర్ర నీళ్లు మావని నాకు ముందే తెలుసని చెప్పాను.

"నాకెర్కనే గద బిడ్డా," అంది, దారం చుడుతూ. "ఇల్లు కట్టుకున్నోళ్లకు ఎట్ల చెప్తరు?"

నా కళ్లు తుడుచుకుని, కనీసం ఒక మంచి మాటైనా చెబుదామని, ఇప్పుడు గల్లీలో చుక్క నీళ్లు నిలవడం లేదన్నాను. ఏడు ఇళ్ల నీళ్లూ వెనక వొర్రెలోకే పోతున్నాయన్నాను.

అవ్వ చేతులు ఆగాయి. మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"వొర్రె కింద ఎవరిండ్లున్నయి ఇప్పుడు?"

నాకు తెలియదు. కింద కూడా ప్లాట్లు పడ్డాయని విన్నాను. నీళ్లు మా గోడ దాటేదాకా చూశాను, దాటాక ఒక్కనాడూ చూడలేదు.

"సూడలేదవ్వా," అన్నాను.

ఆమె చాటలో ఆకు సర్దుకుని మళ్లీ పనిలో పడింది. "పోయి సూసి రా బిడ్డా," అంది. "వానలు వడకముందే పో."