రెండు జాబితాలు కలిపిన మధ్యాహ్నం

ఆ గదిలో ఉన్నవాళ్లం ముగ్గురం: నేను, అమ్మ, యూసుఫ్ చాచా. ఉన్న వస్తువులు: నా లాప్‌టాప్, ఒక ప్రింటర్, అమ్మ తెచ్చిన టిఫిన్ డబ్బా. సమయం మధ్యాహ్నం రెండు దాటింది. దయ్యాలు, ఆత్మలు అన్న మాటలు నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పను.

తాండూరులో నాపరాళ్లు పాలిష్ పట్టే కార్మికుల సంఘం ఆఫీసది. చాచా అక్కడ రిజిస్టర్లు చూస్తాడు, నాన్నతో కలిసి రాళ్లు కోసినవాడు. దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్ల కోసం సంఘం వెబ్‌సైటు చేస్తున్నాను. కార్మికుల పేర్లు తాండూరు డేటాబేసులో, వికారాబాదు వైద్య శిబిరంలో పరీక్ష చేయించుకున్నవాళ్ల పేర్లు మరో డేటాబేసులో ఉన్నాయి. రెండింటి నుంచి రెండు అర్రేలు, అంటే పేర్ల వరుసలు, తీసి, ఒకదాని వెనక ఒకటి చేర్చి, ఒకే పేజీలో చూపించాలి.

నాన్న బాలప్ప రెండింటిలోనూ లేడు. పదకొండేళ్లు మా మేనమామ పేరున్న కార్మికుడి కార్డు మీద పనిచేశాడు. మామ పని మానేసినా కార్డు అలాగే నడిచింది. శిబిరంలో అసలు పేరు చెబితే సంగతి బయటపడి పని పోతుందని, దగ్గుతూనే ఉండిపోయాడు, వికారాబాదు వెళ్లలేదు. అలాగే పోయాడు.

"గింతమంది పేర్లు ఎక్కిస్తున్నవ్, మీ నాయన పేరు ఒక్కటి ఎక్కియ్యరాదా?" అంది అమ్మ.

"రికార్డు లేదమ్మా. ఎట్ల ఎక్కిస్త?"

"పాణం పోయింది. అది రికార్డు గాదా?"

"వదినా, గా కంప్యూటర్ డబ్బా మన మాట వినది. గీ పోరడు అంతకన్న మొండి," అన్నాడు చాచా.

అమ్మ నవ్వలేదు. నేను కోడ్ నడిపి జాబితా ప్రింట్ తీశాను.

చివరి కాగితం చదువుతూ చాచా ఆగాడు. "ఎక్కించినవ్ గద బేటా. మంచిగ చేసినవ్."

నేను ఎక్కించలేదు.

చివరి వరుసలో నాన్న పేరుంది. ఆయన పనిచేసిన యూనిట్ పేరు ఉంది. పరీక్ష తేదీ గడి ఖాళీగా ఉంది.

రెండు డేటాబేసుల్లోనూ ఆ పేరు వెతికాను. లేదు. కోడ్ ప్రతి వరుసా చదివాను. కలపడంలో పొరపాటు జరిగితే ఉన్న పేరు పోవచ్చు, లేని పేరు పుట్టదు. అమ్మకు, చాచాకు కీబోర్డు తెలియదు. మళ్లీ నడిపాను, ఆ వరుస రాలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా రాలేదు.

అమ్మ ఆ కాగితం మడిచి టిఫిన్ డబ్బా మూతలో పెట్టుకుంది. ఎలా వచ్చిందని నన్ను అడగలేదు. ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది. దాని అడుగున ప్రోగ్రామ్ వేసిన లెక్క ఇది.

తాండూరు 212. వికారాబాదు 148. మొత్తం 361.