నంబర్లు కలిపే మనిషి

మా స్కాన్ విభాగం వెనక గదిలో కూర్చునే ఆవిడ ఒక మనిషిని కంప్యూటర్లోంచి తీసేసిందని చెప్పుకుంటారు. ఈ మాట టీ కొట్టు దగ్గర విన్నాను, లిఫ్టులో విన్నాను, దుప్పట్లు ఉతికే గదిలో కూడా విన్నాను. ఆ మనిషి ఆవిడకి దూరపు చుట్టమట. ఛాతీ కోసే ఆపరేషన్ అంటే భయపడి ఆవిడ కాళ్ళావేళ్ళా పడ్డాడట. ఆవిడ జాలిపడి అతని నంబరే లేకుండా చేసేసిందట. రెండు గంటలకి లోపలికి తీసుకెళ్ళబోతే చేతి పట్టీ మీద నంబరు కంప్యూటర్లో ఎక్కడా దొరకలేదట. చేసేది లేక ఇంటికి పంపేశారట. "ఆవిడ తలుచుకుంటే మనం అసలు పుట్టనే లేదు" అని నవ్వుతారు, చెప్పేవాళ్ళు ఎవరైనా.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

స్కాన్‌కి వచ్చినవాళ్ళకి గౌను ఇవ్వడం, గొలుసులూ ఉంగరాలూ తీయించి డబ్బాలో పెట్టడం, వరస వచ్చినప్పుడు నంబరు పిలవడం నా పని. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాక దొరికిన పని ఇది. ఇందులో నాకు కష్టమైనది నంబరు గట్టిగా పిలవడం ఒక్కటే.

వెనక గది ఆవిడని అందరూ చాటుగా పిచ్చుకమ్మ అంటారు. యాభై దాటాయి గానీ కుర్చీలో రెండు నిమిషాలు కుదురుగా ఉండదు. తెర మీద ఒక వరస చూస్తుంది, లేచి తలుపు దాకా వెళ్తుంది, వచ్చి మళ్ళీ అదే వరస చూస్తుంది. పెన్ను మూత తీస్తుంది, పెడుతుంది. టీ సగం తాగి మరిచిపోతుంది. నేను మొదట్లో మేడం అంటే, "మేడం ఏమిటే, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినదాన్ని పిలిచినట్టు! పిన్నీ అను" అంది.

పిన్ని ఇరవై రెండేళ్ళు ఫిల్ముల గది చూసుకుంది. అప్పట్లో ఎక్స్‌రే అంటే చేత్తో పట్టుకుని వెలుగుకి ఎత్తి చూసే నల్ల ఫిల్ము. గోధుమరంగు కవర్లలో, ఇనుప అరల్లో, నేల నుంచి కప్పు దాకా ఉండేవట. తర్వాత బొమ్మలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోయాయి. ఏ అంతస్తులో డాక్టరైనా కూర్చున్న చోటే తెరిచి చూసుకోవచ్చు. ఫిల్ముల గదిలో మంచాలు వేసి, పిన్నిని కిటికీ లేని ఈ గదిలోకి మార్చారు.

ఇక్కడ ఆవిడ చేసేది ఒక్కటే పని. ఆసుపత్రికి రెండోసారి వచ్చినవాళ్ళు పాత కార్డు తేకపోతే కౌంటర్లో కొత్త నంబరు ఇచ్చేస్తారు. దాంతో ఆ ఒక్క మనిషీ కంప్యూటరుకి ఇద్దరవుతాడు. ఒకరి దగ్గర పాత బొమ్మలు, ఇంకొకరి దగ్గర కొత్త బొమ్మలు. అలాంటివాళ్ళని వెతికి పట్టుకుని మళ్ళీ ఒక్కరిని చేయాలి. కలిపాక పాత నంబరు నిలుస్తుంది, కొత్తది పోతుంది. సాయంత్రం ఆవిడని తీసుకెళ్ళడానికి వచ్చే బాబాయి, సిటీ బస్సు డ్రైవరు, నాతో ఒకసారి అన్నాడు: "మీ పిన్నికి ఇంట్లోనూ అదే జబ్బమ్మా. రెండు గిన్నెల్లో రెండు కూరలు మిగిలాయంటే రాత్రికి ఒకటే కూర."

ఆవిడ కుదురు పోవడానికి కారణం వేరే ఉంది. నాలుగేళ్ళ కిందట ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉన్న ఇద్దరు ఆడవాళ్ళని ఒకరే అనుకుని కలిపేసింది. ఒకావిడ మోకాలు ఇంకొకావిడ మోకాలైంది. కత్తి పడకముందే బయటపడింది గనక సరిపోయింది. "కలపడం ఒక్క నొక్కు. విడదీయడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ అన్నం తిన్నానో గడ్డి తిన్నానో నాకే తెలీదు" అనేది.

ఆ రోజు ఎనిమిదింటికి ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. గోడలకి రంగులు వేస్తాడు. గోళ్ళ చుట్టూ ఇంకా నీలం రంగు ఉంది. ఊపిరితిత్తిలో మచ్చ కనిపించిందని మధ్యాహ్నం రెండు గంటలకి ఆపరేషన్ పెట్టారు. దానికి ముందు ఆఖరి స్కాన్ ఇది. గౌను తాళ్ళు కట్టుకుంటూ, నా మొహం చూసి కాబోలు, నాకే ధైర్యం చెప్పాడు.

"ఈ గొట్టం నాకు కొత్తేం కాదులేమ్మా. నిచ్చెన మీంచి పడ్డప్పుడూ ఇందులోకే తోశారు."

"ఎప్పుడు?"

"మా చిన్నది పుట్టిన ఏడు. ఆరేళ్ళయింది."

"ఇక్కడేనా?"

"ఇక్కడే. కళ్ళు తెరిచి చూస్తే కప్పు మీద అదిగో, ఆ మరకే."

ఆయన కాగితం నా చేతిలోనే ఉంది. పాత స్కాన్లు: లేవు.

మా స్కాన్ డాక్టరుగారు చదువుకునే పిల్లలకి చెబుతుంటే ఎన్నోసార్లు విన్నాను: మచ్చని చూసి భయపడకండి, ముందు పాత బొమ్మ అడగండి, ఏళ్ళ తరబడి పెరగని మచ్చకి కత్తి అక్కర్లేదు అని. చెప్పాలా, నాకెందుకు అనుకోవాలా? ఇంకో ముగ్గురి నంబర్లు పిలిచాను. నాలుగోది పిలవకుండా వెనక గదికి వెళ్ళాను.

పిన్ని నా మాట పూర్తి కాకముందే లేచింది. బయట బెంచీ మీద రంగులాయన భార్య ఒళ్ళో సంచీ పెట్టుకుని దాని జిప్పు లాగుతోంది, మూస్తోంది.

"అప్పుడు ఏ పేరుతో రాయించారమ్మా?" అని అడిగింది పిన్ని.

"నేను పురిట్లో ఉన్నానండీ. పనిలోవాళ్ళు తీసుకొచ్చారు. వాళ్ళకి ఈయన అసలు పేరు తెలిస్తేగా! ఒకడు లంబూ అంటాడు, ఒకడు బావా అంటాడు."

"కార్డు?"

"మూడిళ్ళు మారాం. ఎక్కడని వెతకను వదినా?" అని పిన్ని చెయ్యి పట్టేసుకుంది. స్ట్రెచర్ తోసే అతను పక్కనుంచి వెళ్తూ ఆ వదిన అన్న మాట విన్నాడు.

పిన్ని ఆపరేషన్ డాక్టరుగారికి ఫోన్ చేసింది. ఆయన మాట బయటికే వినిపించింది. "ఉంటే తీసుకురండి, చూస్తాను. ఉందేమో అంటే మాత్రం ఆపలేను. ఈ రోజు తప్పితే మళ్ళీ మూడు వారాలు. అది చెడ్డ మచ్చ అయితే మూడు వారాలంటే తక్కువ కాదు."

పేరుతో వెతకడానికి లేదు. ఫోన్ నంబరు పనిలోవాళ్ళలో ఎవరిదో. ఇక మిగిలింది పుట్టిన తేదీ, అదీ పనిలోవాళ్ళకి తెలిసి ఉండదు. పిన్ని గదిలో ఆ గోడకీ ఈ గోడకీ తిరిగింది. ఉన్నట్టుండి ఆగి, ఇంకో నంబరు నొక్కింది. అప్పట్లో కౌంటర్లో పనిచేసి రిటైరైన మీసాలాయనకి. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారికి పదిన్నరైంది.

"ఏమయ్యా మీసాలూ, ఫోన్ ఎందుకు, గూట్లో పెట్టుకోడానికా? పుట్టినరోజు తెలీనివాళ్ళకి నువ్వు ఏ తేదీ వేసేవాడివి?"

"అదేం ప్రశ్నమ్మా పొద్దున్నే? మా అమ్మాయిది వేసేవాణ్ణి. మార్చి పదిహేడు."

"సంవత్సరం?"

"మొహం చూసి వేసేవాణ్ణి."

"నీ మొహం! మీ అమ్మాయికి ఊరంతా తోడబుట్టినవాళ్ళే" అని పెట్టేసింది. ఆవిడకి ఇదివరకే అనుమానం. కలిపే పనిలో మార్చి పదిహేడున పుట్టినవాళ్ళు లెక్కకి మించి తగులుతుంటారట.

ముప్పై నుంచి యాభై ఏళ్ళ వయసుకి వచ్చే సంవత్సరాలన్నీ ఒక్కొక్కటిగా మార్చి వెతికింది. మార్చి పదిహేడు, మగవాళ్ళు, ఆ ఏడు తీసిన ఛాతీ స్కాన్. తొమ్మిది మంది తేలారు. పాత బొమ్మలు వేరే భవనంలోని పెద్ద యంత్రంలో ఉంటాయి. పిలిస్తే వస్తాయి గానీ ఒక్కోటి రావడానికి పావుగంట. మొదటిది పిలిచేసరికి పదకొండు.

ఉదయం తీసిన స్కాన్ ఒక తెర మీద పెట్టుకుంది. అందులో ఆయన కుడివైపు పక్కటెముక ఒకటి చివర రెండుగా చీలి, పంగలకర్రలా ఉంది. "నూటికి ఒకరికి ఉంటుందేమో ఇలా. మనకి కావలసింది ఇదే" అంది. ఒక్కో బొమ్మ రావడం, పక్కటెముకలు లెక్కపెట్టడం, కాదనడం. నేను నంబరు పిలవడం, పరుగెత్తుకొచ్చి తలుపు సందులోంచి చూడడం. నాలుగోది కాదు. ఐదోది అసలు ఆడమనిషి. "మీసాలకి కళ్ళు కూడా లేవు" అని పిన్ని పళ్ళు కొరికింది. అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

ఎనిమిదోది ఒంటిగంటకి వచ్చింది. పంగలకర్ర ఉంది.

నేను చప్పట్లు కొట్టబోయాను. "ఉండవే" అంది పిన్ని. కలిపే బటన్ మీద వేలు పెట్టింది, తీసింది. "ఇతను ఆయన కాకపోతే, ఇంకెవడో మచ్చ చూపించి ఈయన్ని ఇంటికి పంపించినదాన్ని అవుతాను. అప్పుడు ఆయన్ని మచ్చ కాదు, నేనే చంపినట్టు."

స్కాన్ డాక్టరుగారు చూస్తున్న పేషెంటు పని ముగించుకుని వచ్చేసరికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆయన చూసి, "ఆయనే. ఇంకేం కావాలి?" అన్నారు.

"ఒక్క ఎముక సాక్ష్యం చాలదు సార్." పాత బొమ్మలో భుజం దగ్గర ఎముక విరిగి ఉంది. పిన్ని నావైపు తిరిగింది. "వెళ్ళి అడుగు. ఎటువైపో నువ్వు చెప్పకు, ఆయన్నే చెప్పనీ."

వార్డుకి పరుగెత్తాను. అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. "నిచ్చెన మీంచి పడ్డప్పుడు ఏం విరిగింది?" ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేసి, "ఇది. తడిమి చూడు, ఇంకా బొడిపె ఉంది" అన్నాడు.

బొమ్మలోనూ ఎడమ భుజమే. పదినిమిషాలు తక్కువ రెండింటికి పిన్ని బటన్ నొక్కింది. ఆ క్షణంలోనే కొత్త నంబరు పోయింది. వార్డులో స్ట్రెచర్ అతను రంగులాయన చేతి పట్టీ మీద మిషన్ పెడితే, ఈ నంబరు లేదని చూపించింది. మళ్ళీ పెట్టాడు, లేదు. ఒకటే గోల. సంగతి తెలుసుకోకుండానే ఖాళీ స్ట్రెచర్ తోసుకుంటూ లిఫ్టు ఎక్కాడు. కథ అక్కడినుంచే బయల్దేరింది.

ఆ గోల జరుగుతున్నప్పుడు ఆపరేషన్ డాక్టరుగారు మా గదిలో నిలబడి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. స్కాన్ డాక్టరుగారు మచ్చకి ఈ అంచు నుంచి ఆ అంచుకి గీత లాగారు. పాతదానికీ అలాగే లాగారు. తర్వాత ఆపరేషన్ డాక్టరుగారు, "ఆయన్ని భోజనం చేసి ఇంటికి వెళ్ళమనండి. ఏడాదికి ఒకసారి వచ్చి చూపించుకోవాలి" అని వెళ్ళిపోయారు.

తర్వాత వారం ఒక పెద్దమనిషి వెనక గది తలుపు దగ్గరికొచ్చి, "నా నంబరు కూడా తీసేస్తారామ్మా? రేపే నా ఆపరేషన్" అని గొంతు తగ్గించి అడిగాడు. జరిగింది అందరికీ చెప్పమని పిన్నిని పోరాను. "చెబితే వింటారటే? నాకింకా ముప్పై ఏడు జంటలున్నాయి" అని లేచి, తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి తెర ముందు కూర్చుంది.

ఆ మచ్చ ఆరేళ్ళ కిందట పదకొండు మిల్లీమీటర్లు. ఆ రోజు ఉదయమూ పదకొండే.